మూత మీద పసుపు, ప్లగ్గు మీద మసి

1944 ఎండాకాలంలో నన్ను హైదరాబాదు వర్క్‌షాపు నుంచి వరంగల్ బస్సు డిపోకు చార్జ్‌మన్‌గా పంపారు. చార్జ్‌మన్ అంటే మిస్త్రీలకు పైన, సూపరింటెండెంటుకు కింద. ఇంజను చెడితే మిస్త్రీలను నిలదీసేదీ నేనే, ఎందుకు చెడిందో ఉర్దూలో రిపోర్టు రాసి పైకి పంపేదీ నేనే. యుద్ధం రోజులు. పెట్రోలుకు రేషను, కొత్త బ్యాటరీల మాటే లేదు.

నా ముఖ్యమైన పనిముట్టు ప్లగ్గు పానా. సిలిండరులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గును విప్పి దాని కొస చూస్తే లోపల మంట సంగతి తెలుస్తుంది. బిస్కట్టు రంగులో ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. పొడి మసి పట్టి నల్లబడితే పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైనట్టు. నూనె తడి ఉంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. సున్నం పూసినట్టు తెల్లబడితే పెట్రోలు చాలక ఇంజను మాడుతున్నట్టు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడికి రుజువు అక్కర్లేదు, మనకు కావాలి అని వచ్చిన వారంలోనే మిస్త్రీలను కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను.

ఖమ్మం రోడ్డు మీద తిరిగే ఒక బస్సు వర్ధన్నపేట దాటి ఎత్తు ఎక్కేచోట గుంజుకుంటూ ఆగిపోవడం మొదలుపెట్టింది. కొంతసేపటికి మళ్లీ నడిచేది. రెండు వారాల్లో ఐదుసార్లు ఆగింది. డ్రైవరు యాకూబ్, పదేళ్ల సర్వీసున్నవాడు. ఆగినప్పుడల్లా అతను దిగి పెట్రోలు టాంకీ మూత విప్పడం చూశామని ప్రయాణికులు చెప్పారు. సూపరింటెండెంటుకు అంతకంటే ఏం కావాలి? పెట్రోలు దొంగిలించి కిరసనాయిలు కలుపుతున్నాడని తేల్చేశాడు. మూత విప్పితే బండి నడుస్తుందని యాకూబ్ చెప్పుకుంటే, దాన్నే నేరం ఒప్పుకున్నట్టు రాసుకున్నాడు.

కండక్టరు కొమురయ్య వాదన ఇంకొకటి. వెనక చక్రం కింద నాగుపాము పడి చచ్చింది, బండి ఆగడం ఆ మర్నాటి నుంచే మొదలైంది, కనుక అది పాము పగ. రోజూ పొద్దున పెట్రోలు పోయగానే ఆ చక్రానికీ, దాని పైనున్న టాంకీ మూతకూ ఆముదంలో కలిపిన పసుపు మెత్తేవాడు. ఒకరోజు పట్టుకుని అరగంట వాదించాను. చచ్చిన పాము ఇంజను ఆపగలిగితే, బతికున్నప్పుడు చక్రం కింద ఎందుకు పడింది అని అడిగాను. అతను ఓపిగ్గా విన్నాడు.

“గట్లనకుండ్రి సాబ్. మీరు నమ్మకున్నా బండి నమ్ముతది,” అని మిగిలిన పసుపు కూడా మెత్తాడు.

ఇలాంటివాళ్లతో ఏం మాట్లాడతాం? విసుగొచ్చి వెళ్లిపోయాను. మూతను మాత్రం చూడలేదు.

రిపోర్టు రాయమని నాకు ఆర్డరు వచ్చింది. బస్సు డిపోకు రాగానే ఆరు ప్లగ్గులూ విప్పాను. ఆరూ నల్లగా మసి. కిరసనాయిలు కలిపినా ఇలాగే మసి పడుతుంది. “కల్తీ జరిగి ఉండవచ్చు” అని రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యం ఆధారంగా యాకూబ్‌ను ముఅత్తల్ చేశారు, అంటే విచారణ తేలేదాకా పనిలోంచి తప్పించారు. తేలితే ఉద్యోగమే పోతుంది.

నాలుగో రోజున వేరే డ్రైవరు చేతిలోనూ ఆ బస్సు అక్కడే ఆగింది. మసిని నమ్మి నేను, పెట్రోలూ గాలీ కలిసే కార్బొరేటరులో పెట్రోలు తగ్గించాను. మర్నాడు ఇంకా ముందే ఆగింది. సూపరింటెండెంటు మాత్రం ఇద్దరు డ్రైవర్లూ కలిసే చేస్తున్నారన్నాడు. తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం యాకూబ్ షెడ్డుకు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

“సాబ్, మీరు బండి ఇంటికొచ్చినంక దాని నోరు సూస్తున్నరు. గేటుకాడ అరగంట నిలవడి పొగ మింగినంక నల్లగుండక తెల్లగుంటదా? అది ఆగినకాడ ఇప్పి సూడుండ్రి. నేను దొంగనైతే ఆడనే తెలుస్తది.”

అతను చెప్పింది నిజం. పెట్రోలు దొంగతనం ఆపడానికి మా డిపోలో ఒక పద్ధతి పెట్టారు. తిరిగొచ్చిన ప్రతి బస్సూ గేటు దగ్గర వరసలో నిలబడాలి, గుమాస్తా టాంకీలో కడ్డీ ముంచి కొలవాలి. బ్యాటరీలు చచ్చినవి కనుక ఇంజను ఆపితే మళ్లీ హ్యాండిల్ తిప్పలేక డ్రైవర్లు ఆపేవాళ్లు కాదు. ఊరికే తిరిగే ఇంజనులో ప్లగ్గుకు మసి పడుతుందని వర్క్‌షాపులో మొదటి ఏడే నేర్పారు. రోజూ ఆ వరసను చూస్తూ కూడా నాకది తట్టలేదు.

మర్నాడు శుభ్రం చేసిన ప్లగ్గులు బిగించి నేనూ బస్సెక్కాను. యాకూబ్ ప్రయాణికుడిగా వచ్చాడు. వర్ధన్నపేట దాటాక బండి గుంజుకోగానే ఇంజను ఆపించాను, ఒక్క క్షణం కూడా ఊరికే తిరగనివ్వలేదు. కాలుతున్న ప్లగ్గులను గోనెపట్టాతో పట్టి విప్పుతుంటే ఒక ముసలమ్మ కిటికీలోంచి, “ఏందయ్యా, బండికి పండ్లు పీకుతాన్నవా?” అంది.

ఆరూ సున్నంలా తెల్లగా ఉన్నాయి. పెట్రోలు ఎక్కువ కాదు, అందడమే లేదు. కార్బొరేటరు దగ్గర గొట్టం విప్పితే చుక్కలు చుక్కలుగా కారుతోంది. మూత విప్పమని యాకూబ్‌కు చెప్పాను. విప్పగానే టాంకీ బుస్సుమని గాలి పీల్చుకుంది, గొట్టంలో ధార కట్టింది. టాంకీలో పెట్రోలు తగ్గేకొద్దీ గాలి లోపలికి పోవాలి. అందుకు మూతలో సూదిమొనంత రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం నిండా పసుపు, ఆముదంతో గట్టిపడి.

పాము చచ్చిన మర్నాటి నుంచే బండి ఆగుతోందని కొమురయ్య చెప్పింది అక్షరాలా నిజం. పగ తగలకూడదని అతను పసుపు మెత్తడం మొదలుపెట్టిందీ ఆ పొద్దుటే.

నేను గుండుసూదితో రంధ్రం పొడుస్తుంటే కొమురయ్య బస్సు దిగొచ్చి చేతులు జోడించాడు. “సూస్తిరా సాబ్, పాము పగ మీ చేత్తోటే తీరె.” తర్వాతి శుక్రవారం నా ప్లగ్గు పానాకు బొట్టు కనిపించింది.

మొదటి రిపోర్టు తప్పని రెండో రిపోర్టు రాశాను. ఒకే ఇంజనుకు రెండు రంగులా అని సూపరింటెండెంటు నెల రోజులు కాగితం కదలనివ్వలేదు. ఆఖరికి యాకూబ్‌ను పనిలోకి తీసుకున్నారు. నా మొదటి రిపోర్టును మాత్రం అతని ఫైలులోంచి తీయలేదు, అందుకు రూలు లేదన్నారు. అతను రిటైరయ్యేదాకా అది అందులోనే ఉంది, నా సంతకంతో.

ఆ తర్వాత నేను రాసిన ప్రతి రిపోర్టులోనూ ప్లగ్గు రంగుకు ముందు, ఇంజను ఎక్కడ ఆపారు, ఎలా ఆపారు అన్నది రాశాను. అది తెలియకుండా చూసిన రంగు రుజువు కాదు. కొమురయ్య పసుపు బండిని ఆపింది, నా మసి ఒక మనిషి పని ఆపింది. ఇద్దరమూ చూడకుండానే నమ్మాం.