శ్రీరామ మరియమ్మ

భూకంపం వస్తే ఇళ్లు కూలతాయి. నేను పెన్ను పట్టుకుంటే ఇంటిపేర్లు కూలాయి. ఒకటి కాదు, పన్నెండు. ఆ ఘనకార్యం ఎట్లా చేశానో చెబుతాను, నవ్వండి, తప్పులేదు. మీకంటే ముందే నవ్విన మనిషి ఒకామె ఉంది. ఇది ఆమె కథే.

నేను బడి గడప తొక్కలేదు. కొడిమ్యాలలో మా నాయన ఇంట్లోనే పలక మీద దిద్దించాడు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: కాగితం మీద మొదటి మాట దేవుడిది, ఆ తర్వాతే మనది. ఉత్తరం రాసినా, సరుకుల చీటీ రాసినా ముందు ‘శ్రీరామ’ అని రాయందే నా చేయి కదలదు. నాయన నాకిచ్చిన ఆస్తి అదే. అందుకు ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను. ఆ ఆస్తిని ఎక్కడ ఖర్చు చేయకూడదో మాత్రం ఆయన చెప్పలేదు.

కోరుట్లకు కోడలిగా వచ్చిన కొత్తలో మా గల్లీ ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లే. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఒకనాడు కంపెనీ నుంచి పీఎఫ్ ఫారాలు వచ్చాయి. కూలిలోంచి కొంత కోస్తారు, కంపెనీ కొంత కలుపుతుంది, అదంతా సర్కారు దగ్గర జమవుతుంది, యాభై ఎనిమిదేళ్లు నిండాక నెలనెలా పింఛను వస్తుంది. సంగతి ఇంతే.

“కడుపు కోసుకునుడు సాలదని కూలి గూడ కోస్తరా?” అంది మరియమ్మక్క. మా ఎదురింటామె. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు చాట.

“ముసలితనంల అక్కరకొస్తది అక్కా,” అన్నాను.

“అవ్ చెల్లె, అప్పుడు నన్ను సూసేటోళ్లు ఎవలున్నరు. రాయి మరి.”

గల్లీలో రాత వచ్చిన ఆడది నేనొక్కదాన్నే. ఇరవై ఏళ్ల వయసు, కొత్త చీర, చేతిలో పెన్ను. కలెక్టరు కూడా అంత గీరగా కూర్చోడేమో. ‘పేరు’ అన్న గడిలో అలవాటుగా ముందు ‘శ్రీరామ’ అని రాశాను. గడి చిన్నది. దేవుడికి చోటిచ్చాక ‘మరియమ్మ’ పట్టింది గానీ ఇంటిపేరుకు జాగా మిగలలేదు. పోనీలే, అందరికీ తెలిసిన మనిషే కదా అనుకున్నాను. తెలిసింది గల్లీకి, సర్కారుకు కాదు. మా అత్తమ్మ ఫారంతో కలిపి పన్నెండూ అట్లాగే నింపాను. ఒకే దస్తూరీ, ఒకే రాముడు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే పక్కవాళ్ల ఇంటిపేర్లు పోయాయి.

ఇరవై రెండేళ్లు ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. కంపెనీలో మనుషులను నంబరుతోనే పిలుస్తారు. మరియమ్మక్కకు యాభై ఎనిమిది నిండేసరికి తంబాకు దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. “చాట ముట్టుకుంటే ఇగ నా దగ్గరికి రాకు,” అని డాక్టరు తేల్చి చెప్పాడు. పింఛను వస్తే చాట మానొచ్చు. రాకపోతే చాటే గతి. ఇద్దరం బస్సెక్కి జగిత్యాలలో పీఎఫ్ కాగితాలు చూసే ఆఫీసుకు పోయాం.

గుమస్తా కంప్యూటర్లో చూసి పిలిచాడు. “శ్రీరామ మరియమ్మ ఎవలు?”

మరియమ్మక్క వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా లేస్తారేమోనని.

“నేను బొల్లె మరియమ్మను సార్.”

“ఆధార్ల బొల్లె ఉన్నది, ఈడ శ్రీరామ ఉన్నది. మీ కంపెనీల శ్రీరామ ఇంటిపేరోళ్లు పన్నెండు మంది కనవడుతున్నరు. అందరు ఒక్క ఇంటోళ్లేనా?”

“ఒక్క గల్లోళ్లం సార్. రాముని ఇంటికి నాకు సుట్టరికం లేదు. నేను చర్చికి పోయేదాన్ని.”

“సార్, అది ఇంటిపేరు కాదు, దేవుని పేరు. నేనే రాసిన,” అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. “మనిషి పేరు అడిగితే దేవుని పేరు ఎందుకు రాసినవమ్మా?”

“మొదలు ఆయన పేరే రాయాలె అన్నరు సార్.”

“ఎవలన్నరు?”

“మా నాయిన.”

“మీ నాయిన ఈ ఆఫీసుల పనిజేస్తడా?”

గుమస్తా మంచివాడు, తిట్టకుండా సవరణ ఫారం చేతిలో పెట్టాడు. దాని మీద కంపెనీ మేనేజర్ సంతకం కావాలి. ఆయన ఉండేది సిరిసిల్లలో. మరియమ్మక్క దగ్గుకు బస్సులో పక్క సీటువాళ్లు లేచి వెళ్లిపోయారు. సంతకం తెచ్చి ఇచ్చాం. మూడు నెలలకు ఆ కాగితం వెనక్కి తిరిగి వచ్చింది.

‘సరైన పేరు’ అన్న గడిలో నా చేత్తో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది: శ్రీరామ బొల్లె మరియమ్మ.

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారు. నాది రామనామపు పోటు. మా అత్తమ్మ కాగితం సంగతి విని, “సర్కారు కాయితమనుకున్నవా, లగ్గం పత్రికనుకున్నవా?” అంది.

మరియమ్మక్క తిట్టలేదు. తిట్టడానికి కూడా ఊపిరి కావాలి. చాటను ఒళ్లోకి లాక్కుంది. మళ్లీ సిరిసిల్ల, మళ్లీ జగిత్యాల. ఈసారి గుమస్తాను బతిమాలి ఆయనతోనే రాయించి, నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మొత్తం ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆమె దగ్గుతూ చుట్టింది, చుడుతూ దగ్గింది. ఆమె వంతు సగం నేను చుడతానంటే, “నీ చేతికి పెన్నే సక్కగ రాకపాయె, బీడీ ఏమస్తది,” అంది.

చివరికి మంజూరు కాగితం వచ్చింది. పట్టుకుని ఎదురింటికి పరుగెత్తాను.

“ఎవలి పేరు మీద అచ్చింది?”

“బొల్లె మరియమ్మ. నీ పేరే అక్కా.”

ఆమె చదవడం రాని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నవ్వింది, మధ్యమధ్య దగ్గుతూ. “రాముని పేరు వెట్టుకున్నందుకు ఏడు నెలల్ల ఒడిసింది చెల్లె. ఆయనకైతే పద్నాలుగేండ్లు వట్టింది.”

ఆ రోజే చాటను గోడకు ఆనించింది. పింఛను పదకొండు నెలలు తీసుకుంది, అంతే. ఏడు నెలల ముందే చాట మానేసి ఉంటే ఇంకెన్ని నెలలు తీసుకునేదో డాక్టరును నేను అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం. పోయేలోపు ఆమె నన్ను ఒక్కసారి కూడా నిష్ఠూరమాడలేదు. అందుకు నా దేవుడికీ ఆమె దేవుడికీ రోజూ చెరొక దండం పెట్టుకుంటున్నాను.

మిగతా పదకొండు మంది ఇంటిపేర్లు ఒక్కొక్కటే తిరిగి తెచ్చి ఎవరివి వాళ్లకు అప్పగించాను. ఇక, చదివేవాళ్లందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. రాముణ్ణి నాలుక మీద నిలుపుకుంటాను, గుండెలో నిలుపుకుంటాను, సర్కారు ఫారం మీద మాత్రం చచ్చినా ఎక్కించను. అక్కడికి ఒకసారి ఎక్కితే, దేవుడైనా సరే, మేనేజర్ సంతకం లేనిదే దిగలేడు.