మూడో ఎత్తుకే బయటికొచ్చిన మంత్రి

మా ఆయన కళ్ళజోళ్ళకు అద్దాలు బిగిస్తారు. చదరంగంలో మా నాన్నను ఓడించగల మొనగాడు కుటుంబంలో తనొక్కరేనని ఆయన గర్వం. ప్రతి ఆదివారం వెళ్ళడం, గెలవడం, మీసం దువ్వుకుంటూ ఇంటికి రావడం.

ఆ మధ్య మా చెల్లెలి మొగుడు నాన్నతో ఆడి ఓడిపోయాడు. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండకపోను. "ఆటంటే అదీ! ఎన్నాళ్ళైందో ఇలా ఆడి!" అంటూ నాన్న ఆ ఆటను మొదటి ఎత్తు నుంచి మా ఆయనకు వేసి చూపించారు. మా ఆయన కళ్ళల్లో నిప్పులు పోసుకున్నారు. గెలిచేవాడు ఎదురుగా ఉండగా ఓడినవాడికి పొగడ్తలా! నాకూ ఒళ్ళు మండింది. చెల్లెలి మొగుడు కదా, ఇంకాస్త ఎక్కువే మండింది.

ఇంటికొచ్చీ రాగానే భోజనాల బల్ల మీద పావులు పరిచారు. "వాడి బండారం బయటపెడతా చూడు," అని ఎత్తులన్నీ గుర్తు తెచ్చుకుని వేస్తూ, మూడో ఎత్తు దగ్గర ఎగిరి గంతేశారు.

"చూశావా! గుర్రాలు కదలకముందే మంత్రిని బయటికి తెచ్చాడు. బుద్ధున్నవాడెవడైనా తెస్తాడా?"

"మీరూ అలాగే తెస్తారుగా," అన్నాను. వారం వారం పక్కన కూర్చుని చూసేదాన్ని.

ఆయన వినిపించుకోలేదు. నాన్న గుర్రం దూకి ఆ మంత్రిని తరిమింది. తర్వాత బంటు తరిమింది, రెండో గుర్రమూ తరిమింది. మంత్రి పారిపోతున్నంతసేపూ నాన్న బలగమంతా బయటికొస్తూనే ఉంది. మా ఆయన చెయ్యి ఆగిపోయింది. తమ ఆదివారాల ఆటల్లో ఆయన మంత్రిని నాన్న ఎప్పుడూ తరమలేదు. మూలనున్న బంటును ఒక గడి జరిపి ఊరుకునేవారు.

ఆదివారం మా ఆయన కావాలనే మూడో ఎత్తుకు మంత్రిని తెచ్చారు. నాన్న మూల బంటు మీద చెయ్యి వేశారు.

"గుర్రం ఉంది కదండీ మావయ్యగారూ!"

నాన్న తల వంచుకున్నారు. "చూశానండీ అల్లుడుగారూ."

"మరి అతనికి వేసిన దెబ్బ నాకెందుకు వెయ్యరు?"

"అతను ఓడినా నవ్వుకుంటూ మళ్ళీ వస్తాడు. మీరు ఓడిపోతే ఇక రారేమోనని..."

నేనంత చిన్నబుద్ధి మనిషినా అని మా ఆయన అడగలేకపోయారు. "వెయ్యండి," అన్నారు.

ఆట ముగిసేసరికి ఆయనకు రాజు తప్ప ఏమీ మిగల్లేదు. లేచి చెప్పులు వేసుకున్నారు. నాన్న బెదురుగా నా వైపు చూశారు.

మా ఆయన గుమ్మంలో ఆగారు. "వచ్చే ఆదివారం అతన్ని మాత్రం పిలవకండి," అన్నారు.