పక్కింటి అక్క రాయించిన వాక్యం

నా చిన్నప్పుడు మాది కాజీపేట రైల్వే క్వార్టర్. ఇంగ్లీషంటే నాకు చలిజ్వరం. దాన్ని వదిలించింది మా పక్కింటి అక్క. ఇంటర్ కాగానే వాళ్ల నాన్న ఆమె చదువు మాన్పించాడు. ఆయన గూడ్సు గార్డు; రూల్ బుక్కు చదివీ చదివీ ఇంగ్లీషు బాగా వచ్చినవాడు.

వద్దనే మాటల తర్వాత ఏది పెట్టాలో నాకు ఎంతకీ తలకెక్కేది కాదు. ఫర్బిడ్ తర్వాత టు, ప్రొహిబిట్‌కూ ప్రివెంట్‌కూ ఫ్రమ్ అని అక్క ఓపిగ్గా చెప్పేది. ఉదాహరణలన్నీ మా ఇళ్లలోవే. పట్టాలు దాటనివ్వరు, అమ్మ చింతకాయలు తిననివ్వదు, ఇలాంటివి. ఒకరోజు ఏమనుకుందో ఏమో, ప్రొహిబిట్, ప్రివెంట్ రెండూ పెట్టి తన సంగతే ఇంగ్లీషులో ఒక వాక్యంగా రాయించింది. నాన్న చదువు మాన్పించాడు గానీ సోమవారం పరీక్ష రాయకుండా ఆపలేడు అని దాని అర్థం. అది టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్ష. ఇంట్లో తెలియకుండా దరఖాస్తు పెట్టుకుంది. "ఎవ్వరికి చెప్పకే" అంది. సరేనని తలూపి, ఆ వాక్యాన్ని చిలకలా బట్టీ పట్టాను.

ఆదివారం పొద్దున వాళ్ల నాన్న డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ నన్ను ముద్దుగా పిలిచాడు. "అక్క ఏం నేర్పింది బిడ్డా? జర అప్పజెప్పు, ఇందాం."

రెండు ఫ్రమ్‌లూ ఎక్కడా తప్పు పోకుండా ఆ వాక్యమే గడగడా అప్పజెప్పేశాను. పైగా మెచ్చుకుంటాడేమోనని ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను, మొద్దుదాన్ని! ఆయన చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఎన్నడూ సెలవెరగని ఆ మనిషి సోమవారం సెలవు పెట్టాడు. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, పరీక్ష వేళ దాటేదాకా కదల్లేదు. లోపల అక్క ఇస్త్రీ చేసిన లంగా ఓణీ కట్టుకుని అలాగే కూర్చుందట.

సాయంత్రం వెళ్లి ఆమె ఒళ్లో పడి వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క నా తల నిమిరింది. "ఏడ్వకే పిల్లా. నువ్వేం తప్పు చెప్పినవ్? ఫ్రమ్ సరిగ్గనే పెట్టినవ్ గదా" అంది. తర్వాత నోట్‌బుక్కు తెమ్మని, మిగిలిన పాఠం చెప్పింది.

ఆ పరీక్ష అక్క ఇక ఎప్పుడూ రాయలేదు. నేను రాశాను. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు టీచరుగా పనిచేశాను. ఏ ఆడపిల్ల నాతో గుట్టు చెప్పుకున్నా అది నా పెదవి దాటలేదు. ఏం లాభం, దాటకూడని రోజున దాటనే దాటింది. ఆనాడు అక్క నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే, ఈపాటికి మరిచిపోయేదాన్ని.