వదిన ముఖం కోసం ఎదురుచూసిన మల్లేశం అన్నకు

నిన్న ఉదయం ల్యాబ్‌లో టెస్టింగ్ టీవీలు ఆన్ చేస్తుండగా అన్న కూతురు స్వాతి ఫోన్ చేసింది.

“కాకా, డాడీ లేస్తలేడు.”

ప్రగతి నగర్‌లోని అన్న ఇంటికి చేరేసరికి డాక్టర్ వచ్చి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

మల్లేశం అన్న, నేను పగలు ఉద్యోగం చేస్తూ రాత్రి కళాశాలలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లం. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. తర్వాత మాదాపూర్‌లోని ఒకే ల్యాబ్‌లో చేరాం.

మా పని ఓఎల్ఈడీ టీవీల మన్నికను పరీక్షించడం. ఒకే బొమ్మ నెలల తరబడి నిలిచి ఉంటే తెర మీద దాని మరక మిగిలిపోతుంది. దానినే బర్న్-ఇన్ అంటారు. అన్నకు ఆ మరక అంటే పగ.

నిజాంపేటలో మా బావమరిది గృహప్రవేశానికి వచ్చి, విస్తరి ముందు నుంచి లేచి, న్యూస్ ఛానల్ మార్చేశారు.

“ఏందన్నా, బువ్వకు పిలిస్తే డ్యూటీ చేస్తున్నవ్?” అన్నాడు మా బావమరిది.

“నీ కూర చల్లగైతే వేడి చేస్కుంటవ్. గీ లోగో అంటుకుంటే ఏం జేస్తవ్ రా?”

అందరం ఎంత నవ్వామో. అందరికంటే ఎక్కువ నవ్వింది ప్రమీల వదిన.

నిరుడు వదిన పోయింది.

ఆ తర్వాత అన్న తన టీవీలో ఆమె ఫోటో పెట్టారు. పొద్దంతా అదే. మరక పడకుండా కాపాడే సెట్టింగ్స్ అన్నీ తానే ఆపేశారు.

“అన్నా, మరక పడ్తది. జర వెలుతురన్న తగ్గియ్యి” అన్నాను.

“పడనీ తమ్మీ. గందుకే పెట్టిన.”



మొన్న ఆదివారం ఫోటో తీసి, ల్యాబ్‌లో చేసినట్టే బూడిదరంగు తెర పెట్టి చూపించారు. ఫోటోలో బాగా తెల్లగా ఉన్నచోటే తెర ఎక్కువ అరిగింది. వదిన జడలోని మల్లెపూలు నల్లటి నీడలా కనిపించాయి.

“మొఖం రాలే తమ్మీ. పూలే వచ్చినయ్. ఇంకొన్ని దినాలు పెడ్తే వస్తదేమో.”

ఇన్నేళ్లు ఇదే పని చేసిన మనిషి. రాదని ఆయనకు తెలియదా?

“వస్తది అన్నా” అన్నాను.

నిన్న ఆయనను పడుకోబెట్టిన గదిలో ఆ టీవీ వదిన ఫోటోతో నడుస్తూనే ఉంది.

“చావింట్ల టీవీ ఏంది? బంద్ చెయ్యుండ్రి” అన్నది ఒక పెద్దమ్మ.

స్వాతి రిమోట్ పట్టుకొని నా వైపు చూసింది.

“డాడీని తీస్కపొయ్యేదాంక ఉండనీ బిడ్డా” అన్నాను.

పాడె గడప దాటిన తర్వాత స్వాతే ఆపేసింది.

మల్లేశం అన్నా, ఆ ముఖం కోసం చాలా ఎదురుచూశారు.

వదిన ఎదురొచ్చి ఉంటుందని నమ్ముతున్నాను. ఇక నిమ్మళంగా ఉండండి.