ఇంజన్‌కు చలువ

ఎండాకాలంలో మా బాపు భయపడేది ఒక్కదానికే, వేడి చేయడానికి. మామిడిపండు తింటే వేడి, కోడికూర తింటే వేడి. మా పాత పెట్రోల్ కారుకు స్పార్క్ ప్లగ్గులు మార్చాలని జనగామ బజారుకు పోయినప్పుడూ అంతే. దుకాణదారు "గరం ప్లగ్గులు కావాల్నా, ఠండా ప్లగ్గులా?" అన్నాడో లేదో, బాపు అందుకున్నాడు.

"గీ ఎండలల్ల గరంవేంది? ఠండావియ్యి. ఇంజన్‌కు జర చలువ చేస్తది."

దుకాణదారు తలూపాడు, నేనూ ఊపాను. ఇంటిల్లిపాదికీ చల్ల పోసి, బండికి మాత్రం వేడివి పెడతామా!

కొన్నాళ్లకే కారు దగ్గడం మొదలుపెట్టింది. నేను పాఠాలు చెప్పే బడికి, కూరగాయల అంగడికి తప్ప అది ఎక్కడికీ పోయేది కాదు. అయినా మలుపు మలుపుకూ ఆగి నా పరువు తీసేది. బాపుకు విసుగొచ్చి, "ఆదివారం బేరగాడు వస్తడు, అమ్మి పారేద్దాం" అన్నాడు. మోకాళ్ల నొప్పులతో బాపు స్టీరింగ్ వదిలేశాక, నలభై దాటిన వయసులో ఆ కారు మీదే నడపడం నేర్చుకున్నాను. ఎవరినీ బతిమాలకుండా గడప దాటడం ఎంత హాయో అప్పుడే తెలిసింది. మళ్లీ ఒకరి బండి వెనక కూర్చోవాలా? చస్తే కూర్చోను!

శనివారం పొద్దున్నే పానా పట్టుకుని ప్లగ్గులు విప్పాను. కొసలు కట్టెల పొయ్యి మీంచి దించిన గిన్నె అడుగులా నల్లగా మసిబారి ఉన్నాయి. అంతకుముందు తీసేసిన పాతవి డబ్బాలో వెతికి చూస్తే, అరిగిపోయాయే గానీ మట్టిరంగులో శుభ్రంగా ఉన్నాయి. మసి ఎప్పుడు పడుతుంది? మంట చాలనప్పుడు! దగ్గర దగ్గర తిరిగే బండిలో ఈ ఠండా ప్లగ్గు వేడెక్కేదెప్పుడు, తన మీది మసిని కాల్చుకునేదెప్పుడు? వంటింట్లో ఇన్నేళ్లుగా చూస్తున్న సంగతే కదా ఇది! ఆనందం పట్టలేక గంతేశాను.

పాత ప్లగ్గు పట్టుకుని దుకాణానికి పరుగెత్తాను. "గీ నంబర్‌ గరందే కావాలె. బిగించే మర పొడుగు గూడ గింతే ఉండాలె."

ఇంటికొచ్చేసరికి బాపు గగ్గోలు. "మల్ల గరంవా? ఇంజన్‌కు పొక్కులొస్తయ్ బిడ్డా!"

"రానియ్యి బాపు, సల్ల తాగిస్త. నువ్వు ఎక్కి కూసో, బచ్చన్నపేట దాక పోయొద్దాం."

తాళం తిప్పీ తిప్పగానే అందుకుంది! బాపు ఇంజన్ మీద పోయడానికి నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని, పొగ ఎప్పుడొస్తుందా అని బానెట్ వంకే చూస్తూ కూర్చున్నాడు. చెరువు కట్ట ఎక్కేటప్పుడు చెవులు రిక్కించి విన్నాను. ఒక్క దగ్గు లేదు! పైకి రాగానే నేను కేక వేస్తే, బాపు సీసా మూత తీసి ఆ నీళ్లు తనే తాగేశాడు.

ఆదివారం బేరగాడు వచ్చి స్టార్ట్ చేయమన్నాడు. చేశాను. చెవి పెట్టి విని సంబరపడ్డాడు. "బండి మస్తున్నది కాకా! బేరం చేస్కుందాం, గిప్పుడే తీస్కపోత."

బాగుచేసి మరీ చేతులారా అప్పగిస్తున్నానా?

అప్పటిదాకా ఎవరు వచ్చినా 'నా కారు' అని చెప్పుకునే బాపు, "బండి నాది గాదు. స్టీరింగ్ ముందల కూసున్నది సూడు, ఆమెనడుగు" అన్నాడు.

"అమ్మను!" అని వీధంతా వినబడేలా అరిచాను.