తాతగారి వెడల్పు

అమలాపురంలో కంప్యూటర్ మీద శుభలేఖలు కూర్చే ఒకాయన ఉండేవారు. ప్రతి వరుసా అచ్చులో ఎంత వెడల్పు వస్తుందో కొలవడానికి మాక్రో అనే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసుకున్నారు. అది చెప్పనిదే ఏ పేరునూ నమ్మేవారు కాదు.

మా చెల్లెలి శుభలేఖలో తాతగారి పేరు, బిరుదులతో సహా, ఒకే వరుసలో రావాలన్నాను. ఎస్టేటు పోయాక మాకు మిగిలినవి ఆ బిరుదులే.

ఆయన మీట నొక్కి, "తాతగారు కార్డు దాటి అంగుళం బయటికొచ్చేరండి. ఓ బిరుదు తీసేద్దామాండీ?" అన్నారు.

"ఒక్కటీ తీయడానికి వీల్లేదు."

"పోనీ అక్షరం సైజు తగ్గిద్దామండి."

"మా తాతగారినా?"

"అయితే రెండు వరుసలు చేద్దామండి."

తాతగారిని మధ్యకి విరవడానికీ నేను ఒప్పుకోలేదు. ఆయన ఏమాత్రం విసుక్కోకుండా పెళ్ళికొడుకు తండ్రిగారి పేరు కొలిచారు. వాళ్ళకు మూడు రైసుమిల్లులున్నాయి.

"ఆయ్, వియ్యంకుడుగారు మీ తాతగారిలో సగం కూడా రాలేదండి."

"అలాగైతే రెండు వరుసలే వెయ్యండి" అన్నాను.