అత్తిపత్తి మలుపు దగ్గర

అల్లవరం దాటాక సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన అడవిపూల తోట తెరిచారనీ, చక్రాల కుర్చీలు తిరగడానికి అందులో నున్నటి బాటలు వేశారనీ పక్కింటావిడ చెప్పిన దగ్గర్నుంచీ వీరవేణి వెళ్దామంటూనే ఉంది. భర్త మాణిక్యాలరావు ఏదో ఒక వంకతో వాయిదా వేస్తూనే వచ్చాడు.

వీరవేణి బండారులంకలో చేయి తిరిగిన నేతగత్తె. పెళ్లయి వచ్చిన నాటినుంచీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకునే బతికింది. రెండేళ్ల కిందట కాలవ రేవులో బట్టలు జాడిస్తూ పాచిపట్టిన మెట్టు మీద జారిపడింది. వెన్ను దెబ్బతింది. నడుం కింద ఇక స్పర్శ లేదు. ఇప్పుడు వసారాలో కూర్చుని మగ్గాలకి నూలు కండెలు చుడుతోంది. మాణిక్యాలరావు ఆమెను పసిబిడ్డలా చూసుకుంటాడు. స్నానం చేయించేదీ, వంట చేసేదీ అతనే. ఎవరైనా ఆమెను పలకరిస్తే జవాబు చెప్పేదీ అతనే. ఊరంతా మెచ్చుకునే ఆ మొగుడి దగ్గర తనకి ఊపిరాడడం లేదని ఆమె ఎవరితో చెప్పుకోగలదు?

చివరికి ఒక చలికాలం ఉదయం ఆటో మాట్లాడుకుని బయల్దేరారు. తోట కాపలాదారు దానియేలు గేటు తీసి, "మంచినీళ్లు తాగుతారాండీ అమ్మగారూ?" అని ఆమెనే అడిగాడు.

"ఆవిడకి వద్దండి. దారిలో తాగించేను," అన్నాడు మాణిక్యాలరావు.

లోపల తుమ్మిపూలు, శంఖుపూలు, గడ్డిచామంతులు. పొలం గట్ల మీద ఎవరూ తలతిప్పి చూడని పూలకి ఇక్కడ చెక్క పలకల మీద పేర్లు రాసిపెట్టారు. వీరవేణికి ప్రతి మడి దగ్గరా ఆగాలని ఉంది. కుర్చీ మాత్రం ఆగడం లేదు.

"కాస్త ఆపండి."

"ఎండెక్కుతోంది వేణీ. ఒక చుట్టు తిప్పేసి వెళ్లిపోదాం."

"తిప్పడానికి నేనేమన్నా రథాన్నా అండీ? వదలండి. నేనే తోసుకుంటాను."

"పడితే?"

"పడితే పడతాను."

ఆ మాట అతనికి గట్టిగా తగిలింది. చేతులు తీసేసి, పక్కనున్న సిమెంటు బల్ల మీద కూలబడి మొహం తిప్పుకున్నాడు.

ఆమె వెనక్కి చూడకుండా చక్రాలు నెట్టింది. బాట వెదురు పొద చుట్టూ మలుపు తిరిగి కాస్త పల్లానికి దిగింది. పక్కనే అత్తిపత్తి మడి, లేత గులాబీరంగు పూలతో. రెండు చేతులతో చక్రాలు బిగబట్టి కుర్చీని ఆపింది. ఆకుని తాకుదామని వంగబోయేసరికి కుక్కర్లోంచి ఆవిరి తన్నుకొచ్చినట్టు చప్పుడైంది.

బాటకి అడ్డంగా రక్తపింజరి. ముందు చక్రాలకి బారెడు దూరం కూడా లేదు. చుట్టచుట్టుకుని, తల వెనక్కి లాక్కుని బుసకొడుతోంది.

అన్నిటికంటే ముందు దానికి అందేది ఆమె పాదాలే. కాటేసినా వాటికి తెలియదు. బ్రేకు వేయాలంటే చెయ్యి కదపాలి. చక్రాలు వదిలితే కుర్చీ పల్లానికి జారి దాని మీదకే పోతుంది. ఆమె అలాగే బిగుసుకుపోయింది.

వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. కోపం దిగి వస్తున్నాడు.

"అక్కడే ఆగండి," అంది, గొంతు పెంచకుండా. "పింజరి."

అడుగులు ఆగాయి. "కదలకు. నేను వెనక్కి లాగేస్తాను."

"వద్దండి. మీరు దడదడా వస్తే అది నా కాళ్ల మీద పడుతుంది. నా మాట వినండి."

అతను నిలబడిపోయాడు. అతని ఊపిరి ఆమెకి వినిపిస్తోంది. అరచేతులు చెమటపట్టాయి. కుడి చక్రం అంగుళం జారింది. బుస హెచ్చింది. ఆమె పళ్లు బిగించి మళ్లీ పట్టు చిక్కించుకుంది. భుజాలు మండుతున్నాయి. వెనక నుంచి చిన్న కదలిక వినపడితే చాలు, అంతా అయిపోతుంది. వినపడలేదు.

ఎంతసేపయిందో ఇద్దరికీ తెలియదు. బుస తగ్గింది. చుట్టలు ఒక్కొక్కటే వదులయ్యాయి. పాము తుమ్మి మొక్కల్లోకి బద్ధకంగా పాకి, తోక కూడా కనపడకుండా పోయింది.

"ఇప్పుడు రండి. మెల్లిగా."

అతను కుర్చీని మలుపు ఇవతలికి లాగి, బాట మీదే చతికిలబడ్డాడు. వీరవేణి అతని తల మీద చెయ్యి వేసింది. అతను కేకేస్తే దానియేలు పరుగున వచ్చి, బాటకి తాడు కట్టి, పాములు పట్టేవాడికి ఫోన్ చేశాడు.

తిరుగు ప్రయాణంలో ఆటో అల్లవరం దాటింది.

"రేపట్నుంచి స్నానం నేనే చేస్తానండి," అంది వీరవేణి. "కూర్చోడానికి ఎత్తు స్టూలు ఒకటి కావాలి."

"జారితే?"

"పిలుస్తాను. మీరు గుమ్మం బయటే ఉండండి."

మాణిక్యాలరావు రోడ్డు పక్క రొయ్యల చెరువుల వైపు చూశాడు. తర్వాత ముందుకు వంగి ఆటో అతనితో, "అమలాపురంలో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు దగ్గర ఒకసారి ఆపండి," అన్నాడు.